దగ్గు విన్న పెట్టెలు

ఉదయం పదకొండు గంటలు. హైదరాబాదులో గాలి లేని ముసురు. వకుళ వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ గోడమీది పెట్టెలో భర్త గొంతు వింటోంది. షేర్ల వ్యాపారి పాండురంగారావు చనిపోయి రెండేళ్లయింది. అతని అలవాట్లన్నీ నేర్చుకున్న ఆ పెట్టె మాత్రం, ఊళ్లో చనిపోయిన ఎందరో వ్యాపారుల పెట్టెల్లాగే, ఇంకా వ్యాపారం చేస్తోంది.

"మా కంపెనీకి ఈ మూడు నెలల్లో లాభం పెరిగిందమ్మా!" అంది కూతురు సుభాషిణి.

టీవీలో ఆ ఫలితాలు చదువుతున్న కంపెనీ అధిపతి అంతలో దగ్గాడు. మాట మధ్య దగ్గినవాడు ఏదో దాస్తున్నాడని పాండురంగారావు జీవితాంతం నమ్మాడు.

"దగ్గాడు, విన్నావా వకుళా? అమ్మేస్తున్నాను," అంది పెట్టె.

"ఆపెయ్యమ్మా! నాన్నను చూసి మిగతా పెట్టెలన్నీ అమ్ముతాయి. నా ఉద్యోగం పోతుంది."

ఒకసారి ఆపితే ఆ గొంతు మళ్లీ రాదు. అయినా వకుళ మీట మీద వేలు పెట్టింది. "ఉండండి," అంది.

"ఏం కూర?" అంది పెట్టె.

"చిక్కుడుకాయ."

"అల్లం మరిచిపోకు."

వేలు వెనక్కి వచ్చింది. మధ్యాహ్నానికి షేరు ధర సగమైంది. అమ్మినవారిలో అత్యధికులు చనిపోయినవారేనని తరువాత తేలింది. సుభాషిణి ఉద్యోగం ఆ నెలలోనే పోయింది.

తొమ్మిదేళ్ల తరువాత వకుళ మరణించింది. సుభాషిణి కూడా ఆ మీట నొక్కలేదు.