పక్క లేన్‌లో ఎడమచేతి పిల్ల

విజయేందర్ పిస్టల్ దించి ఊపిరి పీల్చుకునేసరికి ఎదురుగా జోయా మొహం. నవ్వుతోంది. తర్వాతి గుండు గురి కాగితం అంచుకు తగిలింది.

తప్పు అతనిది కాదు, నిలబడే పద్ధతిది. యాప్రాల్‌లోని ఆ చిన్న షూటింగ్ క్లబ్బులో అందరూ ఎయిర్ పిస్టల్ కుడిచేత్తోనే కాలుస్తారు. కుడి భుజం గురివైపు పెట్టి పక్కకు తిరిగి నిలబడతారు. అంచేత రేషన్ షాపు లైనులోలాగా ఒకరికి ఒకరి వీపే కనబడుతుంది. వీపును చూసి ఎవరి గుండే దడదడలాడదు. ఎడమచేతి వాటం వాళ్ళు మాత్రం ఇటు తిరిగి నిలబడాలి. అలాంటి మనిషి ఎడమ పక్క లేన్‌లోకి వస్తే ఇద్దరి మొహాలూ ఎదురెదురు. గురిపెట్టేటప్పుడు ఫరవాలేదు, తల లక్ష్యం వైపే ఉంటుంది. గుండుకీ గుండుకీ మధ్య చెయ్యి దించినప్పుడు ఎక్కడ చూడాలి పాపం?

జోయాను తెచ్చింది జెరెమియా. క్లబ్బులో విజయేందర్‌కు దోస్తు, స్కోరులో ఎప్పుడూ అతని వెనకే. రెండు నెలల్లో రాష్ట్ర జట్టుకు సెలెక్షన్ ఉంది. ఉన్నది ఒక్కటే ఖాళీ. అది దక్కినవాడికి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం ఖాయమని అందరికీ తెలుసు. అల్వాల్‌లో కర్రీ పాయింట్ నడుపుతూ పొద్దస్తమానం పొయ్యి ముందు మాడిపోయే తల్లి శ్యామలమ్మను కాస్త కూర్చోబెట్టాలంటే విజయేందర్‌కు ఆ ఉద్యోగం రావాల్సిందే.

"మా చెల్లె విజయవాడ హాస్టల్ల చదువు అయిపోగొట్టుకొని వచ్చింది. నేర్చుకుంటనంటుంది. ఎడమచెయ్యిరా. నీ పక్క లేన్‌ల పెడ్త, జెర చూస్కో," అన్నాడు జెరెమియా.

విజయేందర్ చూసుకున్నాడు. అక్కడే వచ్చింది తంటా.

జోయా కాల్చిన గుండ్లు ఎటెటో పోయేవి. కోచ్ సత్యదేవ్ ఆమె కళ్ళు పరీక్షించి విసుక్కున్నాడు.

"ఈ పిల్ల గురి కన్ను కుడిది. చెయ్యి సుత కుడిదే పెట్టమను. బాగుపడ్తది."

విజయేందర్‌కు ఎక్కడలేని పౌరుషం పొడుచుకొచ్చింది. "గట్ల బలవంతం చెయ్యొద్దు సార్! ఎడమచేతోళ్ళను చిన్నప్పటిసంది అందరు గిట్లనే పరేషాన్ చేస్తరు. పుట్టుకతోని వచ్చింది మనం మారుస్తమా?"

రోజుకు నాలుగు మాటలు కూడా మాట్లాడని శిష్యుడు ఇంత ఉపన్యాసం ఇచ్చేసరికి కోచ్ దండం పెట్టి వదిలేశాడు. జోయా తల వంచుకుంది. సిగ్గుపడిందనుకున్నాడు విజయేందర్.

క్లబ్బులో పిస్టళ్ళ పిడులన్నీ కుడిచేతికి మలిచినవే. అందుకని మనవాడు సాయంత్రం ప్రాక్టీసు మానేసి, మంచి చెక్క వెతికి తెచ్చి, ఆకురాయితో అరగదీస్తూ కూర్చున్నాడు. ఆమె ఎడమచేతి వేళ్ళకు అచ్చంగా సరిపోయే పిడి తయారైంది. అతని వేళ్ళు మాత్రం బొబ్బలెక్కాయి.

క్యాంటీన్‌లో ఆమె కుడిచేత్తో బిర్యానీ తింటుంటే మురిసిపోయాడు. ఎడమచేతి వాళ్ళయినా సరే, అన్నం కుడిచేత్తో తినకపోతే మన ఇళ్ళల్లో ఊరుకుంటారా! ఎంత పద్ధతి గల పిల్ల అనుకున్నాడు.

జోయాను పెళ్ళి చేసుకుంటానని ఇంట్లో చెబితే శ్యామలమ్మ మతం మాటే ఎత్తలేదు.

"చర్చికి పోతే పోనీ బిడ్డా, దేవుడు ఏడున్నా దేవుడే. గని ఎడమచెయ్యి ఏందిరా? పొద్దుగాల బోణీ టైముకు ఎడమచేత్తోని కూర పొట్లం ఇస్తే గిరాకీ నిలుస్తదా?"

"చెయ్యి ఏదైతే ఏందే అమ్మా! మనసు చూడాలె."

విజయేందర్ రెండు పూటలు అన్నం ముట్టలేదు. తల్లి ప్రాణం కదా, మెత్తబడింది.

సెలెక్షన్ రోజు జోయా రాలేదు. జ్వరమన్నాడు జెరెమియా. పక్క లేన్‌లో ఎవరిదో బండలాంటి వీపు. చెయ్యి దించినప్పుడల్లా విజయేందర్ కళ్ళు ఆ మొహం కోసం వెతుక్కున్నాయి. మందు వేసుకుందో లేదో, ఏమైనా తిందో లేదో. గుండ్లు చెల్లాచెదురయ్యాయి. రాష్ట్ర జట్టులోకి జెరెమియా వెళ్ళాడు.

విజయేందర్ క్లబ్బు బాత్రూంలో నల్లా తిప్పి మరీ ఏడ్చాడు. తల్లి మొహం ఎలా చూడాలో తెలియలేదు. ఆ తర్వాత తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. ఉద్యోగం పోయినా పరాయివాడికి పోలేదు, రేపటి బావకే కదా దక్కింది!

ఆదివారం పూట మిఠాయి, పూలు పట్టుకుని తల్లీకొడుకులు ఏ.ఎస్. రావు నగర్‌లో జెరెమియా ఇంటికి వెళ్ళారు. వాళ్ళను గుమ్మంలో చూడగానే జెరెమియా ఫోన్ వచ్చిందంటూ మేడ మీదికి వెళ్ళిపోయాడు. జోయా లోపలి గది తలుపు తీయనే లేదు. వాళ్ళమ్మ ప్రిసిల్లా ఒక్కతే కాఫీలు తెచ్చి మర్యాదగా కూర్చుంది.

శ్యామలమ్మ గొంతు సవరించుకుంది.

"దాపరికమెందుకు వదినా, మీ పిల్ల మావోనికి మస్తు నచ్చింది. ఎడమచేతి వాటమని ముందుగాల నేనే జెర ఎనకకు తగ్గిన. ఇప్పుడు నాకేం తక్లీఫ్ లేదు."

ప్రిసిల్లా తెల్లబోయి చూసింది. తర్వాత ఫక్కున నవ్వేసింది.

"అయ్యో వదినగారూ, మా జోయాది పుట్టినప్పటి నుంచీ కుడిచేతి వాటమే, ఆ సెలెక్షన్ అయ్యేదాకా ఎడమచేత్తో పట్టుకుని మీ అబ్బాయి పక్కనే నిలబడమని వాళ్ళన్నయ్యే రోజూ బతిమాలి తీసుకెళ్ళేవాడు!"