పన్నెండు బండ్ల వాటాదారులు

1957లో నంద్యాల పత్తిమిల్లు కంపెనీ సాలుసరి సమావేశానికి ఆళ్లగడ్డ నుంచి పన్నెండు బండ్లలో రైతులం దిగాము. ఆ ఎద్దుల గొప్ప మొదలుపెడితే ఈ పోస్టుకార్డు చాలదు, వదిలేస్తున్నాను.

మిల్లు పెట్టిన కొత్తలో డైరెక్టరు విశ్వేశ్వరయ్య శెట్టి మా పత్తికి సగం దుడ్లిచ్చి, మిగతా సగానికి వాటా కాగితాలు అంటగట్టాడు. ఆడవాళ్లు వాటిని పెళ్లిచీరల మడతల్లో దాచారు. తర్వాతొక ఏడు మాలో ఒకడైన నరసింహులు పత్తి వానకు తడిస్తే, విశ్వేశ్వరయ్య మిల్లు గేటు దగ్గరే బండి తిప్పించి, "కంపెనీకి జాలి ఉండదప్పా. వాటాదారుల లాభమొకటే దాని ధర్మం" అన్నాడు. ఆ పత్తి బండిమీదే కుళ్లిపోయింది.

సమావేశంలో నరసింహులు లేచాడు.

"శెట్టీ, వాటాదారులం మేమే. నీ జీతమూ నీ కారూ మా లాభాన్ని మేస్తాండాయి. దిగిపో."

"నేను పెట్టిన మిల్లప్పా ఇది! యాడికి పొమ్మంటావ్?"

"కంపెనీకి జాలి ఉండదు శెట్టీ."

చేతులు లేచాయి. నాది అందరికంటే ఎత్తుగా లేచింది. విశ్వేశ్వరయ్య కారు తాళం బల్లమీద పెట్టి నడిచిపోయాడు.

మరుసటేడు అతనూ ఒక వాటాదారుడిగా వచ్చి కూర్చున్నాడు.

"మిల్లు నడిపితే వాటాకు రూపాయి. యంత్రాలు అమ్మితే ముప్పై. మీ లాభం యాడుందో మీరే చెప్పండప్పా" అన్నాడు మెత్తగా.

మళ్లీ చేతులు లేచాయి. నాది అప్పుడూ ఎత్తుగానే ఉంది.

ఇప్పుడు మా పత్తిని నాలుగు రోజులు బండ్లమీద ఆదోనికి తోలుతున్నాం. మా యంత్రాలు కొన్నది అక్కడొక మిల్లు. గేటు దగ్గర పత్తిలో చెయ్యిపెట్టి తడి చూసేది విశ్వేశ్వరయ్యే.

ఆ మిల్లులో మాకు వాటాల్లేవు.