చివరి గది

రాళ్ళవాగు అడవిలో ఒక పునుగుపిల్లి ఉండేది. ఇల్లు లేని జంతువులకు బొరియలు కుదిర్చిపెట్టి, బదులుగా పండ్లు పుచ్చుకునేది.

ఒక మధ్యాహ్నం పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక కుందేలు వచ్చింది. పునుగుపిల్లి గబగబా ముందు వెళ్ళి, గుట్ట కింది బొరియ గుమ్మానికి ఒళ్ళంతా రుద్ది ఘుమఘుమలాడేట్టు చేసి, అప్పుడు దాన్ని పిలిచింది.

"ఇంతకుముందు ఇక్కడ ఎవరుండేవారయ్యా?" అని కుందేలు అడిగింది.

"పందికొక్కులమ్మా. అంతకుముందు ముళ్ళపంది. ఒక్కరైనా వచ్చి నా మీద ఫిర్యాదు చెయ్యలేదు."

కుందేలు లోపలికి తొంగిచూసింది. మొదటి గదిలో గింజల కుప్ప ఎవరూ ముట్టనట్టే ఉంది. పక్కన గడ్డిపరుపు మీద చిన్న ఒళ్ళు పడుకున్న గుంటలు ఇంకా చెదరలేదు.

"దాచుకున్న తిండి వదిలేసి ఎక్కడికి పోయారు?"

"ఇంతకంటే మంచి చోటు దొరికి ఉంటుంది."

"అయితే చివరి గది చూపించు. నువ్వు ముందు నడువు."

పునుగుపిల్లి కాళ్ళు కదల్లేదు. అప్పుడు లోపలి చీకట్లోంచి కొండచిలువ గొంతు మెల్లగా వినిపించింది. "ఈసారి ఎవర్ని తెచ్చావు, పునుగూ?"

కుందేలు పిల్లల్ని ముందుకు తోసుకుంటూ పరుగందుకుంది.

"ఆగమ్మా! వాగు అవతల ఇంకో బొరియ ఉంది. ఒట్టు, అది నిజంగానే మంచిది!" అని పునుగుపిల్లి అరిచింది.

అది నిజమే. కానీ కుందేలు వెనక్కి తిరగలేదు.

పునుగుపిల్లి తోకకు ఏదో చల్లగా చుట్టుకుంది.

"పోనీలే," అంది ఆ గొంతు, చాలా దగ్గర్నుంచి. "నువ్వైనా లోపలికి రా. ఇల్లు చూద్దువుగాని."