పింగాణీ గౌను

గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు.

ఆమె మోచేతుల దాకా తెల్లటి మట్టితోనే వెనక్కి తిరిగింది.

ఒక ముసలాయన. చెప్పులు విడిచాడు గానీ లోపలికి అడుగు పెట్టలేదు.

పాత బట్టల మూటలో ఒక చిన్న గౌను పొరపాటున కలిసిపోయిందట. మూట ఇక్కడికే చేరిందని పాతబట్టలాయన చెప్పాడట.

"పసుపుపచ్చది తల్లీ. అక్కడక్కడా కుట్లుంటాయి," అన్నాడు.

ఆ గౌను ఆమె వెనకే ఉంది.

పలచటి పింగాణీ మట్టిలో ముంచి, గుండ్రటి అచ్చు మీద ఆరేసింది. రేపు బట్టీలో పెడితే గుడ్డ కాలిపోతుంది. దాని నేత మాత్రం పింగాణీలో నిలిచిపోతుంది. ఆమె గిన్నెలన్నీ అలా పుట్టినవే. పదింటిలో తొమ్మిది పగిలేవి. వీధిలోవాళ్లు ఆమెకు 'గుడ్డలు కాల్చే అక్క' అని పేరు కూడా పెట్టేశారు.

వారంలో ప్రదర్శన. చెప్పుకోదగ్గ గిన్నె ఒక్కటీ లేదు. ఇంత మెత్తగా అరిగిన గుడ్డ మళ్లీ దొరకదు.

ఇప్పుడైనా నీళ్లలో జాడిస్తే మట్టంతా వదిలిపోతుంది. అది ఆమెకు తెలుసు.

"కాల్చేశానండీ," అంది.



"పోనీలే తల్లీ. నీకు పనికొచ్చిందిగా."

చెప్పులు వేసుకోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

ఎవరి గౌనని ఆమె అడగలేదు. అడిగితే ఇవ్వాల్సి వస్తుంది.

బట్టీ చల్లారాక తలుపు తీసింది. గిన్నె పగల్లేదు. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే కుట్లన్నీ కనిపించాయి, చీమల బారులా దగ్గర దగ్గరగా. ఒక చిరుగును దాచడానికి పిట్టను కుట్టారు. తోక కాస్త వంకర.

ఏ అమ్మ కూర్చుని కుట్టుకుందో.

ఆ పూట ఆమెకు అన్నం సహించలేదు.

ప్రదర్శనకు వచ్చినవాళ్లంతా ఆ గిన్నె దగ్గరే ఆగారు. ఎంత ఇస్తామన్నా ఆమె అమ్మనంది. ఆ కుట్లు వేసిన తల్లిని వెతికించి, అబద్ధం ఒప్పుకుని, గిన్నె చేతిలో పెట్టాలి. అందుకే పాతబట్టలాయనను పంపింది.

చివరి రోజు అతను వచ్చాడు. భుజం మీది మూట ఏ గిన్నెకు తగులుతుందోనని పక్కకు తిరిగి నడుస్తున్నాడు.

గౌను వచ్చిన ఇల్లు ఖాళీ చేసేశారని, ఎటు వెళ్లారో పక్కింటివాళ్లకూ తెలియదని చెప్పాడు.

"మరి ఆ గౌను వేసుకున్న పాప వాళ్లమ్మ?" అని అడిగింది ఆమె.

"పురిట్లోనే పోయిందట, ఎప్పుడో ముప్పై ఏళ్ల కిందట. పాప కూడా ఏడో ఏడు దాటలేదట."

"అయితే ఈ కుట్లు ఎవరివి?"

అతను మూట కింద పెట్టాడు.

"వాళ్ల నాన్నవేనమ్మా, నేను మీ గుమ్మానికి పంపించాను చూడండి, ఆయనవి."