బుచ్చమ్మగారి పథ్యం

"ఈ గ్రైండరులో ఇంతకుముందు ఎవరూ గోధుమలు పొయ్యలేదు కదా?" బుచ్చమ్మ మూడోసారి అడిగింది.

"కొత్తదండి. అట్టపెట్టె మీ ముందే విప్పేనండి," అన్నాడు ప్రకాశరావు, మూడోసారీ అంతే ఓపిగ్గా. అమలాపురంలో ఆ సామాన్ల కొట్టు అతనిదే.

రాజోలు దగ్గర పదెకరాల కొబ్బరితోట ఉన్న బుచ్చమ్మకి ఏ రోగమూ లేదు. అరవై దాటినా పెరుగావడలు ఆరు తిని అరిగించుకోగలదు. అలాంటి మనిషికి కొడుకు శివనాగరాజు ఫోన్ చేసిన మర్నాడే గోధుమలూ పాలూ పడకుండా పోయాయి.

కొడుకు విశాఖలో తనతో పనిచేసే శారోన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. సోమవారం ఆ పిల్లని ఇంటికి తీసుకొస్తున్నాడు. "దానికి వేరే కంచం పెట్టేవో, నేనింక ఆ గడప తొక్కనమ్మా," అని ముందే చెప్పేశాడు. ఒక్కగానొక్క కొడుకు. అన్నంత పనీ చేస్తాడు. బుచ్చమ్మ నిజంగానే ఏడ్చింది. ఏడుస్తూనే వారపత్రిక తిరగేసింది. డాక్టరుగారి సలహాల పేజీలో దారి దొరికింది.

గోధుమల్లో గ్లూటెన్ అనేదేదో ఉంటుందట. కొందరికి అది పడదట. పాలు కూడా పడనివాళ్ళు ఉంటారట. వాళ్ళ వంట వేరు, గిన్నెలు వేరు, ఆఖరికి గరిటె కూడా వేరుగా ఉండాలట.

బుచ్చమ్మ కళ్ళు తుడుచుకుంది. కోడలికి వేరే కంచం పెడితే తప్పు గానీ, తన మటుకు తను వేరే వంటిల్లు పెట్టుకుంటే ఎవరు కాదంటారు? కులమూ నిలబడుతుంది, కొడుకూ మిగులుతాడు. జబ్బు సోమవారం నుంచి మొదలు. ఈలోగా పెరుగన్నం మామూలే.

"ఇంట్లో ఉన్న గ్రైండరు కడిగి వాడుకుంటే సరిపోదా?" అన్నాడు ఆవిడ భర్త జగ్గయ్య, స్టూలు మీంచి.

"సరిపోదండి. రాయి కంతల్లో పిండి ఉండిపోద్దండి. మిక్సీ జారు వాషరులోనూ అంతేనండి. బియ్యం బయట మరలో ఆడించినా, ముందు ఆడించిన గోధుమపిండి కలిసిపోద్దండి. ఇంట్లోనే చిన్న మర పెట్టుకోవాలండి," అన్నాడు ప్రకాశరావు.

బుచ్చమ్మకి ప్రాణం లేచొచ్చింది. అంటుని ఇంత శ్రద్ధగా పట్టించుకునే శాస్త్రం ఒకటుందని ఆవిడకి ఇన్నాళ్ళూ తెలియదు.

పాలకి బదులు కొబ్బరిపాలు. అందుకు పాలు వడకట్టే జాలీ ఉన్న జారుతో ఇంకో మిక్సీ. ఇన్నేళ్ళూ కొబ్బరికాయ కోరి, గుడ్డలో పిండి పాలు తీసిన ఇల్లాలు దాన్ని అపురూపంగా తడిమి చూసింది.

ప్రకాశరావు భార్య పాపాయమ్మ మోచేతుల దాకా కడుక్కుని, నానబెట్టిన బియ్యం కొబ్బరిపాలతో రుబ్బి, కొత్త పెనం మీద అట్టు పోసింది. పెళ్ళిభోజనానికి వెళ్ళినా వంటవాళ్ళెవరో కనుక్కుని గానీ విస్తరి ముందు కూర్చోని మనిషి బుచ్చమ్మ. కానీ ఇది భోజనం కాదు, గ్రైండరు పరీక్ష. రెండు అట్లు పరీక్షించింది.

"ఆ చేతులు కడగడంలోనే తెలిసిపోయింది వదినగారూ. ఈ శుభ్రం మన ఇళ్ళల్లోనే ఉంటుంది."

"ఆయ్," అంది పాపాయమ్మ.

ఆ 'ఆయ్'తో బుచ్చమ్మ మనసు కరిగింది. "మీ దగ్గర దాపరికమేముంది? నాకు జబ్బూ లేదు, పాడూ లేదు. వచ్చే కోడలి పేరు శారోన్. ఆ పిల్ల చేతి వంట నా గొంతు దిగదు. కొడుకుని పోగొట్టుకోనూ లేను. అందుకే ఈ తిప్పలన్నీ."

పాపాయమ్మ గరిటె ఒక్క క్షణం ఆగింది. తర్వాత పెనం మీద ఇంకో అట్టు పోసింది.

"ఇదెలా ఉందో చూడండి," అంది.

బుచ్చమ్మ అదీ చూసింది. కళ్ళు మూసుకుని మరీ చూసింది. "నేర్చుకుంటే వచ్చేది కాదండి ఇది. పుట్టుకలో ఉండాలి."

గ్రైండరు, రెండు మిక్సీలు, చిన్న మర, పెనం, ఇడ్లీ పాత్ర, గ్యాసు పొయ్యి. ఒక్కో పెట్టె పక్కకి పెడుతుంటే జగ్గయ్య నిట్టూర్చాడు. "నిజంగా జబ్బొచ్చినా ఇంత ఖర్చవదేమో."

బుచ్చమ్మ ఆయన్ని పట్టించుకోలేదు. ప్రకాశరావు వైపు తిరిగింది.

"ఆదివారం పొద్దున్నే సామాన్లు దింపించెయ్యండి. మీరిద్దరూ దగ్గరుండి అమర్చాలి. సోమవారం వాళ్ళు వచ్చేసరికి నా వంటిల్లు నాకు సిద్ధంగా ఉండాలి. ఆ పొయ్యి మొదట వదినగారి చేత్తోనే వెలిగించాలి. మొదటి అట్టూ ఆవిడే పొయ్యాలి. కాదనకండి."

ప్రకాశరావు భార్య వైపు చూశాడు. ఆవిడ తలూపింది.

"కాదనడం ఎందుకండి, శనివారం సాయంత్రమే ఇద్దరం వచ్చి మీ పొయ్యి వెలిగించేసి వెళ్తామండి, ఆదివారం పొద్దున్నయితే మాకు చర్చి ఉంటుందండి."