అమలమ్మ చేతి వైను

“చూశారా డాక్టరుగారూ! బయట ఆటోవాడు హారన్ కొట్టాడంతే” అంది అమలమ్మ.

ఐదేళ్ల స్టెల్లా అప్పటికే చెవులు మూసుకుని బల్ల కిందకి దూరింది. అమలమ్మ మనవరాలికి చప్పుడు పడదు. గౌను లోపలి లేబుల్ తగిలినా ఒళ్లంతా గీరుకుంటుంది. గుణదల మాత తిరునాళ్లలో బ్యాండు మోగగానే పిల్ల బిగుసుకుపోతే, పండగ పండగలా లేకుండా ఇల్లు చేరారు.

డాక్టరమ్మ, పిల్ల తల్లి హెలెన్ వైపు తిరిగింది. “కడుపుతో ఉన్నప్పుడు మద్యం ఏమైనా తీసుకున్నారా అమ్మా?”

అత్తగారికి ఒళ్లు మండింది. “మా ఇంట్లో ఆడవాళ్లు మందు ముట్టరండీ! క్రిస్మస్‌కి నేను చేసే ద్రాక్ష వైను ఉంటుంది. రక్తం పడుతుందని రోజూ రాత్రి నేనే ఓ గ్లాసు ఇచ్చేదాన్ని. అది పండ్ల రసమే కదండీ?”

“అదీ మద్యమేనమ్మా. కడుపులో బిడ్డ మెదడుకి మంచిది కాదు. చప్పుడు, స్పర్శ తట్టుకోలేకపోవడానికి అదో కారణం కావచ్చు. వంశం నుంచీ రావచ్చు, రెండూ కలవనూవచ్చు. ఉన్నదున్నట్టు తెలిస్తే మాకు సులువు.”

తల్లిలేని పిల్లని కోడలిగా తెచ్చుకుని, అమలమ్మ ప్రేమకొద్దీ పోసిన గ్లాసులవి. ఇక కొడుకు ముఖం ఎలా చూడాలి?

హెలెన్ నవ్వేసింది. “తిట్టనంటే చెబుతాను అత్తయ్యా. ఆ వాసన నాకు పడేది కాదు. మీరటు తిరగ్గానే సింకులో పారబోసేదాన్ని.”

“నిజంగానే?”

“మీరు నొచ్చుకుంటారని చెప్పలేదు.”

“ఎంత దొంగవే నువ్వు!” అమలమ్మ కోడలి బుగ్గలు పట్టుకుని భోరుమంది. “అయితే వంశమేనండీ! మావాడు యేసుకుమార్ కూడా చిన్నప్పుడు పిండిమర దగ్గరికి వచ్చేవాడు కాదు. స్వెట్టరు తొడిగితే ఇల్లు పీకి పందిరేసేవాడు.”

“కారణమేదైనా, తర్ఫీదు ఇస్తే పాప మెరుగవుతుందమ్మా.”

ఆ మాటతో అమలమ్మ ప్రాణం లేచొచ్చింది. “నీ మేలు మర్చిపోనే తల్లీ. నన్ను బతికించావు. మాతకి కొవ్వొత్తి వెలిగించి ఇంటికెళదాం” అంటూ, మనవరాలి చెవులకి తన కొంగు చుట్టి మెల్లగా బయటికి తీసుకెళ్లింది.

హెలెన్ లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది.

“అయితే మద్యం లేదని రాసుకోనా?” అంది డాక్టరమ్మ.

“ఒక్క చుక్కా పారబోయలేదండీ.”