చెమ్మపట్టిన గోలీ

"ఆ గోలీ ఎయ్యకు చెల్లె!"

కూతురి నోటి దాకా పోయిన నవత చేయి ఆగింది.

సిద్దిపేట బస్టాండు. బయట ముసురు. పక్క బల్ల మీది మనిషి లేచి నిలబడి ఉన్నాడు. తడిసిన చొక్కా, ఎర్రబడ్డ కళ్లు.

నవత సాత్వికను దగ్గరికి లాక్కుంది.

"నీకెందుకన్నా?"

"పిల్లకు ఫిట్సా?"

నవత తలూపింది. ఫిట్సే. వానలు మొదలైనప్పటి నుంచి మరీ ఎక్కువయ్యాయి. గోలీలు తప్పకుండా వేస్తున్నా ఆగడం లేదు. అందుకే తొగుట నుంచి పెద్ద దవాఖానకు తీసుకొచ్చింది.

"గోలీల పట్టీ లేదా?"

"అన్ని విప్పి డబ్బల పోసిన. సులువుగుంటదని."

"డబ్బ యాడ పెడ్తవు?"

"నీళ్ల కుండ పక్కన. నువ్వేమన్న డాక్టర్‌వా?"

"కాదు. చెమ్మ తగిలితె లోపల మందు గట్టిపడిపోతదట. బండలెక్కైతదట. కడుపుల కరగదు చెల్లె, ఎయ్యకు!"

"అమ్మా, కండ్లు తిరుగుతున్నయ్" అంది సాత్విక.

నవత గబగబా గోలీని పిల్ల నోట్లో పెట్టబోయింది.

అతను ఆమె చేతిని విసురుగా తోసేశాడు. ఒళ్లోని డబ్బా ఎగిరిపడింది. గోలీలు బురదలో చెల్లాచెదురయ్యాయి.

"అయ్యో! నా బిడ్డను చంపుతుండు!"

జనం మూగారు. టీకొట్టు రాంచందర్ ఉరికొచ్చి అతని కాలర్ పట్టుకున్నాడు.

"పట్టపగలే తాగొచ్చినవ్‌రా?"

ఎవరో చెంప మీద కొట్టారు. అతను తిరగబడలేదు. జేబులోంచి ఒక పట్టీ తీసి నవత ఒళ్లో వేశాడు.

"నీ బిడ్డ మందు గిదే. డాక్టరమ్మకు చూయించి ఎయ్యి."

జనం అతన్ని మెడపట్టి తోసుకుంటూ పోయి హుస్నాబాద్ బస్సు ఎక్కించారు.

అప్పటికే సాత్విక కాళ్లూ చేతులూ కొట్టుకుంటోంది.

ఆటోలో దవాఖానకు చేరగానే డాక్టర్ షారోన్ సూది వేసింది. కాసేపటికి పిల్ల ఒళ్లు నెమ్మదించింది.

నవత ఏడుస్తూ జరిగింది చెప్పింది. పట్టీ చూపించింది. పిడికిట్లో ఉండిపోయిన ఒక్క గోలీని బల్ల మీద పెట్టింది.

షారోన్ ఆ గోలీని గ్లాసెడు నీళ్లలో వేసింది.

ఎంతసేపు చూసినా అది విడిపోలేదు.

"ఆయన చెప్పింది నిజమే" అంది షారోన్. "ఇది తెల్వకుంటె, మందు సరిపోతలేదని నేను ఇయాల డోసు డబుల్ రాస్తుంటి. మంచి గోలీలు గన్ని పడితె పిల్ల పానం మీదికొస్తుండె."

నవత దిగ్గున లేచింది.

"బస్సు పోయిందో ఏమో మేడం. ఆయన కాళ్లు మొక్కొస్త."

గుమ్మం దాటకముందే స్ట్రెచర్ ఎదురొచ్చింది.

"మేడం, హుస్నాబాద్ బస్సులకెల్లి పడ్డడు. తలకాయ పగిలింది" అన్నాడు కండక్టరు.

నవత స్ట్రెచర్ మీదికి వంగింది. అతనే.

షారోన్ నాడి చూసింది. చాలాసేపు చూసింది. చేయి మెల్లగా కింద పెట్టింది.

"బుచ్చిరాములు..." అంది. "ఈయనకు సుత ఫిట్సేనమ్మా; ఇంట్ల గోలీలన్నీ చెమ్మకు కరాబైనయని పొద్దున నేనే చెప్పి, తనకోసం రాసిచ్చిన మందే నీ ఒళ్లె ఏసి పోయిండు."